ఉతికితేనే పడే చిల్లులు

నవత పసుపు గౌనును ఎండకేసి పట్టుకుని చూసింది. పొట్ట దగ్గర చుక్కలు చుక్కలుగా ఎండ దూరి వచ్చింది. ఆవగింజంత చిల్లులు. పొద్దున బకెట్లో నానబెట్టినప్పుడు ఒక్కటీ లేదు. నీళ్లు పిండి దండెం మీద వేయబోతే జల్లెడ.

"అత్తమ్మా, మల్లిక గౌనుకు గూడ పడ్డయ్," అంది.

అరుగు మీద చిక్కుడుకాయలు తుంపుతున్న బస్వమ్మ తలెత్తలేదు. "పడవా మరి? బట్టలు ఉతుకుతున్నవా, జొన్నలు దంచుతున్నవా? మొన్నటిదంక మొగని అంగీలు చింపినవ్. ఇగ బిడ్డ బట్టల మీద పడ్డవ్."

కొంతకాలంగా ఇదే తంతు. భర్త పృథ్వీరాజ్ చొక్కాలకు కింది అంచున, జేబు పక్కన చిన్న చిన్న చిల్లులు. చొక్కాలకు పడితే నవత పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఇది రెండేళ్ల మల్లిక గౌను. పైగా పిల్లకు అదే పొట్ట మీద, మెడ కింద ఎర్రటి దద్దు లేచింది. దవాఖానాలో చూపిస్తే మలాం ఇచ్చారు. రాస్తే తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. గుడ్డను కొరికేదేదో పిల్లనూ కొరుకుతోందని నవతకు గుబులు పట్టుకుంది.

తొమ్మిదో తరగతిలో చదువాగిపోయిన తనకు ఇది అంతుపట్టే సంగతేనా అనిపించేది. అయినా పిల్ల మెడ మీది దద్దు కంటబడినప్పుడల్లా పళ్లు బిగుసుకునేవి. ఏదైతే అది, పట్టుకోందే వదిలేది లేదనుకుంది.

"పురుగు పట్టిందే. పెట్టెల యాపాకు ఎయ్యి," అంది బస్వమ్మ.

నవత ఇనుప పెట్టెను వాకిట్లోకి ఈడ్చి ప్రతి గుడ్డా దులిపింది. ఒక్క పురుగు రాలలేదు. అడుగున అత్తగారి నూలు చీరలు చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"అన్నీ ఒక్క పెట్టెలనే ఉంటయ్ గదత్తమ్మా. నీ చీరలకు ఒక్క చిల్లు లేదు. పురుగుకు నువ్వంటే భయమా?"

"భయమే! నీకే లేదు గని," అంది బస్వమ్మ. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది.

వేపాకు వేసినా తర్వాతి ఉతుకులో మళ్లీ చిల్లులు పడ్డాయి. ఈసారి నవత బండను అనుమానించింది. భర్త చొక్కాను బండకు తగలనివ్వలేదు, బ్రష్ పెట్టలేదు, సబ్బు కూడా మార్చి అరచేతుల్లోనే మెల్లగా నలిపింది. నీళ్లలోంచి తీసేసరికి జేబు పక్కన గుడ్డ తడిసిన కాగితంలా వేలికి ఊడి వచ్చింది. తను బలం పెట్టిందే లేదు. అంటే గుడ్డ ముందే చచ్చి ఉంది. నీళ్లు తగిలేదాకా ఆ సంగతి బయటపడటం లేదు, అంతే.

దండెం మీది బట్టలన్నీ మళ్లీ వెతికింది. భర్త గళ్ల చొక్కా ఒక్కటే నిక్షేపంగా ఉంది. అది జుమ్మా రోజు వేసుకునే చొక్కా. హైవే పక్కన మొయిన్ భాయ్ బ్యాటరీల దుకాణంలో పృథ్వీరాజ్ పని. శుక్రవారం దుకాణం బంద్.

సాయంత్రం బండి చప్పుడు వినగానే మల్లిక "నాయినా!" అంటూ ఉరికింది. పృథ్వీరాజ్ చెప్పులైనా విడవకుండా పిల్లను ఎప్పటిలాగే ఎడమ చంకనెత్తుకున్నాడు. పిల్ల పొట్ట సరిగ్గా అతని జేబు పక్కన ఆనింది. నవత చూపు అక్కడే ఆగిపోయింది. గౌనుకు చిల్లులు పడ్డది అక్కడే.

"బిడ్డను దించు," అంది.

"అరే, ఇప్పుడే వస్తి గదనే!"

"దించుమన్న గద. ఆ అంగి ఇప్పి ఇటియ్యి. దుకాణంల యాసిడ్ మీద పడుతదా నీకు?"

"జరంత చిందుతది. అయితేంది? చూడు, అంగి మంచిగనే ఉంది. నువ్వు ఉతికినంకనే చిల్లులు పడుతున్నయ్. తప్పు నీ చేతులదాయె, దుకాణం మీద ఏస్తున్నవా?"

చొక్కా చూడడానికి నిజంగానే బాగుంది. వెలుతురుకు పట్టినా చుక్క దూరలేదు. నవత మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆమ్లాలన్నీ పుల్లగా ఉంటాయని ఎప్పుడో బడిలో చదివిన మాట గుర్తొచ్చింది. కడుపుబ్బరానికి బస్వమ్మ నిమ్మరసంలో చిటికెడు తినే సోడా వేసుకుని తాగుతుంది. గ్లాసు బుస్సుమని పొంగుతుంది. పులుపు తగిలితే సోడా ఊరుకోదు.

వంటింట్లోకి వెళ్లి గిన్నెలో సోడా నీళ్లు కలుపుకొచ్చింది. ముందు గళ్ల చొక్కా మీద పోసింది. ఏమీ కాలేదు. తర్వాత భర్త విప్పి ఇచ్చిన చొక్కా జేబు పక్కన పోసింది. సన్నగా చిటపటమంటూ తెల్లటి నురగ లేచింది.

బస్వమ్మ వంగి చూసింది. "అయ్యో, ఉడుకుతుందేందే!"

"పొయ్యి లేకనే ఉడుకుతుంది చూడత్తమ్మా. గిది ఒంటి మీద ఏస్కొని బిడ్డను ఎత్తుకుంటుండు నీ కొడుకు."

పృథ్వీరాజ్ పిల్ల గడ్డం పైకెత్తి మెడ కింది దద్దును చూశాడు. తన అరచేతులు చూసుకున్నాడు. "పని చేసుకుంట చేతులు అంగికే తుడుస్తనే," అన్నాడు మెల్లగా. "ప్యాంటుకు ఏమైతలేదు గద, యాసిడ్ కాదనుకున్న."

అతని ప్యాంటు పాలిస్టర్‌ది. బలైపోయింది నూలు గుడ్డే.

"దుకాణంల పైకెల్లి ఏస్కునేది ఏం లేదా?"

"రబ్బరు ఏప్రాన్ ఉంది. మొయిన్ భాయ్ మేకుకు తగిలిచ్చిండు. గీ ఎండలకు ఉడికిపోతమని ఎవ్వలం ఎయ్యం."

"రేపటి సంది ఏస్కో. ఇంటికొచ్చినంక అంగి ఇప్పి, సబ్బుతోని కడుక్కునేదాక బిడ్డను ముట్టొద్దు."

"పరాయోని లెక్క చేస్తున్నవేందే!"

"పరాయోడైతే గడప గూడ తొక్కనియ్యను."

మర్నాడు సాయంత్రానికి వాకిట్లో నల్లా పక్కన బకెట్, సబ్బు, ఉతికిన లుంగీ పెట్టింది. బండి ఆగింది. మల్లిక ఉరికింది. నవత సగం దారిలో పిల్లను నడుము పట్టి ఆపేసింది. పిల్ల కాళ్లు తన్నుకుంటూ ఏడుపు అందుకుంది. పృథ్వీరాజ్ చేతులు చాచబోయి మధ్యలోనే ఆపుకుని నిలబడ్డాడు.

"రాతి గుండె ఏందే నీది?" అని బస్వమ్మ అరుగు మీంచి కేకేసింది. "తండ్రి కాడికి బిడ్డను పోనియ్యవా?"

నవత కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం సడలలేదు. "కడుక్కో," అంది భర్తతో.

అతను కడుక్కుని, లుంగీ కట్టుకుని వచ్చి ఎత్తుకున్నాక గానీ పిల్ల ఏడుపు ఆగలేదు. ఎక్కిళ్లు పెడుతూనే తండ్రి మెడలో మూతి దాచుకుంది.

ఆ ఏడుపు ఆ తర్వాత కూడా చాలా సాయంత్రాలు వినపడింది. పృథ్వీరాజ్ ఒక్కోసారి గొణిగేవాడు, ఒక్కోసారి కోపంగా చెంబు విసురుగా పెట్టేవాడు. నవత అన్నీ విన్నది, దేనికీ మెత్తబడలేదు. అతని చొక్కాలను వేరే బకెట్లో, సోడా నీళ్లలో నానబెట్టేది. మల్లిక మెడ కింది ఎరుపు మెల్లమెల్లగా పొట్టు రాలి, అడుగు నుంచి మామూలు చర్మం తేలింది.

ఒక రోజు పృథ్వీరాజ్ పిల్లకోసం జామకాయలు తెచ్చాడు. ఆ సంబరంలో నల్లా సంగతి మరిచి, బండి దిగుతూనే చేతులు చాపుకుంటూ వచ్చేశాడు. నవత పొయ్యి మీద కాగే నూనె ముందు ఉంది. కిటికీలోంచి చూసింది. కేక వేద్దామని నోరు తెరిచేలోపే అరుగు మీంచి గొంతు లేచింది.

"ఆగు కొడుకా! ఆడనే ఆగు!"

బస్వమ్మ మల్లికను కొంగుతో చుట్టి గట్టిగా పట్టుకుంది. "ముందుగాల నల్లా కాడికి నడువ్. బిడ్డంటే ప్రేమ ఉంటే కడుక్కొని రా."

"నువ్వు గూడనా అమ్మా!"

"నేను గూడనే!"

నవత పొయ్యి దగ్గరే నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

తెల్లారి పసుపు గౌను మళ్లీ ఉతికింది. పాత చిల్లులను పసుపు దారంతో ఎప్పుడో కుట్టేసింది. గౌనును ఎండకేసి పట్టుకుంది. కుట్ల పక్కన ఎక్కడా కొత్త చుక్క లేదు. ఇటు తిప్పి చూసింది. అటు తిప్పి చూసింది.

"ఎన్నిసార్లు చూస్తవే?" అంది బస్వమ్మ. "చూసి చూసి ఆ చూపుకే చిల్లులు పడేటట్టున్నయ్."

"ఇంకొక్కపారి అత్తమ్మా," అని నవత గౌనును లోపలి వైపుకు తిరగేసి, మళ్లీ ఎండకు ఎత్తింది.