గోలికి ఒక్కపొద్దు

సుక్కమ్మ సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా చాయ్‌తో నెట్టుకొచ్చి, దీపం పెట్టిన తర్వాతే అన్నం ముందు కూర్చుంటుంది. మధ్యలో ఏకాదశి వచ్చినా, అమావాస్య వచ్చినా వాటినీ చిన్నబుచ్చదు. కడుపుకు జర ఇడుపు, అంటే విరామం, ఉంటేనే మనిషి గట్టిగా ఉంటాడని ఆమె నమ్మకం. మిర్యాలగూడలో వాళ్ల గల్లీలో ఈ మాట వినని ఇల్లు లేదు. కోడలు స్వరూప అయితే కాపురానికి వచ్చిన నాటి నుంచీ వింటూనే ఉంది.

వింటే పోయేదేముంది అనుకోవచ్చు. కానీ ఆ నమ్మకం మెల్లగా మనవరాలు హరిణి మందు గ్లాసు దాకా వచ్చింది.

తొమ్మిదేళ్ల హరిణికి తలసేమియా. ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు కాబట్టి మూడు నాలుగు వారాలకోసారి సూర్యాపేట తీసుకెళ్లి ఎక్కించుకు రావాలి. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము కూడా లోపలికి చేరుతుంది. అది దానంతటది బయటికి పోదు, కాలేయంలో, గుండెలో పేరుకుపోతుంది. దాన్ని తోడేసేందుకు రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మందు గోలి నీళ్లలో కలిపి తాగాలి. సుద్ద కలిపినట్టు తెల్లగా ఉండే ఆ నీళ్లను పిల్ల ముక్కు పట్టుకుని మింగుతుంది. తాగాక అరగంట దాకా పళ్లెం జోలికి పోకూడదు.

తండ్రి నాగేష్ స్కూలు బస్సు డ్రైవరు, తెల్లారకముందే బయల్దేరతాడు. స్వరూప రైస్‌మిల్లు ఆఫీసులో పనిచేస్తుంది, ఆమెదీ పొద్దుటి హడావిడే. అందుకని గ్లాసు పని సుక్కమ్మ మీద పడింది. మొదట్లో బాగానే చేసింది. చలికాలంలో ఒక శనివారం హరిణి గ్లాసు చూసి ఒకటే ఏడుపు.

"కడుపుల తిప్పుతుంది నానమ్మా. స్కూలుకు ఆదివారం సెలవుంటది. డాడీకి కూడ ఉంటది. దీనికే లేదా?"

ఆ మాటకు ముసలామె గుండె కరిగిపోయింది. ఆ రాత్రి కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టింది.

"గింత పెద్దదాన్ని, నాకే ఇడుపు కావాలె. గా పసిదాని కడుపుల దినాం మందు పోస్తే ఎట్ల తట్టుకుంటది? నా ఒక్కపొద్దు దినాలల్ల గోలికి గూడ ఒక్కపొద్దు పెడదాం."

"ఇంజనుకైనా రెస్టు ఇస్తం కదా" అన్నాడు నాగేష్. స్వరూప మిల్లులో లెక్కలు చూసి చూసి అలసిపోయి ఉంది, పిల్ల ఏడుపు చూడలేక ఉంది. "మీ ఇష్టం అత్తమ్మా" అన్నది. ముగ్గురికి ముగ్గురూ పిల్ల మీద ప్రేమతోనే ఆ పని చేశారు. డాక్టరును ఒక్క మాట అడుగుదామని మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

వేసవి రాకముందే సూర్యాపేటలో రక్తపరీక్ష చేశారు. పిల్లల డాక్టరు అహల్య కాగితం చూసి ముఖం చిట్లించింది.

"ఇనుము తగ్గకపోగా పెరిగింది. గోలి రోజూ ఇస్తున్నారా?"

"దినాం ఇస్తున్నం మేడమ్" అన్నది సుక్కమ్మ. ఆమె అబద్ధమాడలేదు. ఒక్కపొద్దు ఉన్నంత మాత్రాన అన్నం మానేసినట్టు కానప్పుడు, గోలికి ఒక్కపొద్దు పెడితే మానేసినట్టు ఎందుకవుతుంది? ఆమె లెక్క ఆమెది.

"అయితే ఈ మందు సరిపోవట్లేదు. పంపు మొదలుపెట్టాలి. పొట్ట మీద చిన్న సూది గుచ్చి రాత్రంతా మందు పంపాలి."

హరిణి తల్లి కొంగు పట్టుకుంది. స్వరూప పిల్లను దగ్గరికి లాక్కుంది. అప్పుడు పిల్లే అందుకుంది. "మేడమ్, సోమారం, శనారం గోలికి ఒక్కపొద్దు. ఏకాదశికి గూడ."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. కోప్పడుతుందని నాగేష్ తల వంచుకున్నాడు. ఆమె కుర్చీ జరుపుకుని సుక్కమ్మకు ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మా, నువ్వు ఒక్కపొద్దు ఉంటవు. మరి ఎక్కించిన రక్తంల ఇనుము ఒక్కపొద్దు ఉంటదా?"

సుక్కమ్మ తల అడ్డంగా ఊపింది.

"అది ఒక్కరోజు గూడ ఆగదు. మనం ఆపిన రోజు అది పిల్ల గుండెల ఇంకింత చోటు చూసుకుంటది."

"అంటే... బతికినన్నాళ్లు ఇడుపే లేదా డాక్టరమ్మా?" అడిగింది సుక్కమ్మ.

"ఎందుకు లేదు? ఉంటది. జ్వరం వచ్చినా, వాంతులు, విరేచనాలు అయినా, కిడ్నీ పరీక్ష తేడా వచ్చినా నేనే ఆపిస్త. ఇనుము బాగా తగ్గితే మందు తగ్గిస్త. కానీ ఆ ఇడుపు నేను చెప్పాలె, మీరు పెట్టుకోవద్దు. కడుపుల తిప్పితే నాకు చెప్పండి, దానికీ దారి చూద్దాం. పంపు సంగతి ఇప్పుడే వద్దు. తప్పకుండా తాగించి మళ్ళీ రండి."

బస్సులో సుక్కమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నా చేతులతో నేనే చేసుకున్నానన్న బాధ ఆమెను తినేస్తోంది. అయితే బాధపడుతూ కూర్చునే మనిషి కాదామె. మర్నాటి నుంచి గ్లాసు విషయంలో ఎంత గట్టిగా నిలబడిందంటే, హరిణి ఆఖరి చుక్క తాగేదాకా తాను చాయ్ కూడా ముట్టేది కాదు. నీళ్లు పోసి గ్లాసు అడుగున మిగిలిన తెల్లటి పొడి కూడా తాగించేది. నాగేష్ "మా అమ్మ ఇప్పుడు డాక్టరుకే డాక్టరు" అని నవ్వేవాడు. తర్వాతి పరీక్షలో ఇనుము లెక్క కిందికి దిగింది. డాక్టరు పంపు మాట ఎత్తనే లేదు.

అప్పుడే కోదాడలో సుక్కమ్మ తమ్ముడి కొడుకు పెళ్లి వచ్చింది. పెళ్లి నాటి పొద్దున విడిది ఇంట్లో గారెలు వేగుతున్నాయి. సుక్కమ్మ గ్లాసులో గోలి కరిగిస్తుంటే మరదలు విజయ వచ్చింది.

"ఏంటి వదినా, పెళ్లి రోజు కూడా మందేనా? ఒక్క రోజు మానేస్తే ఏమవుద్ది? పిల్లని గారెలు తిననియ్యి."

"ఒక్కరోజు, ఒక్కరోజు అనుకుంటనే నేను దీన్ని సూది దాక తీస్కపోయిన విజయా. నువ్వు జర ఊకో" అన్నది సుక్కమ్మ, తనను తానే తిట్టుకుంటున్నట్టు.

హరిణిని లేపడానికి భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లు కాలిపోతోంది.

సుక్కమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి? జ్వరంలో ఆపమని డాక్టరు చెప్పిన మాట గుర్తుంది. కానీ ఒకసారి తన చేతులతో ఆపే ముప్పు తెచ్చింది కదా, మళ్ళీ ఆపాలంటే భయం. ఇయ్యకపోతే ఇనుము పెరుగుతుంది, ఇస్తే పిల్లకు ఏమవుతుందో. ఒక ఘడియ తాగిద్దామనుకుంది, ఒక ఘడియ వద్దనుకుంది. చివరికి స్వరూపను కేకేసింది.

"డాక్టరమ్మకు ఫోన్ గలుపు బిడ్డా. గిది మనం తేల్చేది కాదు."

"ఆపేయండి పెద్దమ్మా" అన్నది ఫోన్లో అహల్య. "జ్వరం పిల్లను ఇంటి దగ్గర పెట్టుకోవద్దు, ఇప్పుడే తీసుకురండి. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో నేను చెప్త."

సుక్కమ్మ తెల్లటి నీళ్లను సింకులో పారబోసింది. ఆ పని చేస్తుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు. పెళ్లి పెళ్లి దగ్గరే ఉండిపోయింది. వాళ్ళు సూర్యాపేట దారి పట్టారు. పెళ్లివాళ్ల కారు వెనక సీట్లో నానమ్మ ఒడిలో తల పెట్టుకున్న హరిణి నీరసంగా నవ్వింది.

"నానమ్మా, గోలికి సెలవు దొరికింది."

"గిట్ల దొరికే సెలవు ఎవలకు కావాలె తల్లీ" అన్నది సుక్కమ్మ.

జ్వరం తగ్గింది. రక్తపరీక్ష, కిడ్నీ పరీక్ష బాగున్నాయని, సోమవారం నుంచి మళ్ళీ గోలి మొదలుపెట్టమని అహల్య చెప్పింది. ఆ సోమవారం పొద్దున సుక్కమ్మ లేచి దేవుడి దగ్గర ఊడ్చి ముగ్గు పెట్టింది. మంచం మీద పిల్లను చూసింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి, ముఖం పీక్కుపోయింది. ఈ ఒక్కరోజు పడుకోనిద్దాం, రేపటి నుంచి ఇద్దాం అనిపించింది. గోలి డబ్బా దాకా పోయిన చెయ్యి వెనక్కి వచ్చింది. తనను తాను తిట్టుకుంటూనే వంటింట్లోకి పోయి చాయ్ పెట్టుకుంది.

వెనక నుంచి గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినిపించింది. హరిణి నిలబడి ఉంది, నిద్రముఖంతో, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని. నీళ్లు తెల్లగా కలిసిపోయాయి.

"నానమ్మా, డాక్టర్ మేడమ్ ఇచ్చిన సెలవు అయిపోయింది. ఇయ్యాల్ల సోమారం, ఒక్కపొద్దు నీకే. గోలికి లేదు."

ముక్కు పట్టుకుని గడగడా తాగేసింది. మూతి తుడుచుకుని, వంటింటి గడప మీద కూర్చుని, అరగంట ఎప్పుడవుతుందా అని గోడ గడియారం వైపు చూడసాగింది. సుక్కమ్మ పొయ్యి మీది చాయ్ సంగతి మరిచిపోయింది. పక్కనే చేరి, మనవరాలి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, తానూ గడియారం వైపే చూస్తూ కూర్చుంది.