నా వీపు మీద ఓనమాలు

ముక్కు చిట్లించకండి. నేను ఒక ఫ్లెక్సీని. కూడళ్ళలో కరెంటు స్తంభాలకు కట్టేస్తే గాలికి టపటపా కొట్టుకుంటూ దారికి అడ్డంగా వేలాడే ఆ జాతే నాది. మావాళ్ళు మూడునాళ్ళు వెలిగి, ఆ తర్వాత ఏ గేదెల కొట్టం మీదనో, బజ్జీల బండి మీదనో తేలతారు. నా సంగతి వేరు. అది చెప్పుకోవడానికే నోరు తెరిచాను. కాస్త గొప్పలు పోయినా ఓర్చుకోండి.

సత్తెనపల్లిలో ఒక ఇరుకు దుకాణంలో, రంగుల వాసన మధ్య పుట్టాను. ఎవరో నాయకుడి పుట్టినరోజు. నడిమధ్య ఆయన నిలువెత్తు బొమ్మ, చెయ్యెత్తి నవ్వుతూ. పైన మూరెడు అక్షరాలతో జన్మదిన శుభాకాంక్షలు. కింద అంచు పొడవునా అనుచరుల ముఖాలు, ఒక్కోటీ తపాలా బిళ్ళంత. శుభాకాంక్షల్లో ‘క్ష’ ఉండాల్సినచోట ‘శ’ పడింది. నన్ను కూడలిలో కట్టాక వచ్చినవాడల్లా ముందు తన ముఖం వెతుక్కున్నాడు. తర్వాత పక్కవాడి ముఖం తనకంటే పెద్దగా ఉందేమోనని చూశాడు. అక్షరాల జోలికి ఒక్కడూ పోలేదు. తప్పు పట్టడానికైనా చదివేవాళ్ళు ఉండాలి కదా!

ఆ వరసలో చిట్టచివరి ముఖం దానియేలుది. పక్క పల్లెలో పొలం కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. ఏ సభ జరిగినా ముందుగా వచ్చి కుర్చీలు వేసే మనిషి. తన ఫొటో అచ్చులో చూసుకోవడం అతనికదే మొదలు. వేడుక ముగియగానే స్తంభమెక్కి తాళ్ళు విప్పి, నన్ను చుట్టి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. వసారాలో పరిచి భార్యను పిలిచాడు.

సువార్త వంగి చూసింది. “బానే ఉంది గానీ, కళ్ళు మూసుకున్నావేందయ్యా?”

దానియేలు నన్ను ఇంటి వెనక గోడకు, జల్లు కొట్టకుండా కట్టాడు. అక్కడ నా పక్కనే రోజూ ఒక యుద్ధం జరిగేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, కెజియా. నాలుగు దాటి ఐదులోకి వస్తున్న పిల్ల. టౌనులో పిల్లల బడిలో చేర్పిస్తే నెల తిరక్కుండానే పంపించేశారు. కూర్చోదట. తను కూర్చోకపోగా కూర్చున్నవాళ్ళను లేపుతుందట. ఒక ఏడాది ఇంట్లో ఉంచుకుని కూర్చోవడం అలవాటు చేసి తీసుకురండి అన్నారట. ఇంటర్ దాకా చదువుకున్న సువార్తకు ఆ మాట ముల్లులా దిగింది. తనే చెప్పుకుంటానని పలక కొనుక్కొచ్చి, పెరట్లో పీట వేసి పిల్లను కూర్చోబెట్టేది. ‘అ’ ఒక్కసారి దిద్దేలోపే కెజియా లేచేది. కోడిపిల్ల వెంట ఒకసారి, గాలిపటం తోక వెంట ఒకసారి. తల్లి పట్టుకొచ్చేది. పిల్ల మళ్ళీ లేచేది. ఒకరోజు సువార్త చెయ్యి చేసుకుంది. పిల్ల ఏడవలేదు, వింతగా చూసి ఊరుకుంది. పలక పక్కన పెట్టి తల్లే ఏడ్చింది.

నాయనమ్మ ఎలీశమ్మ మంచం మీంచే అంది. “దాని కాళ్ళలో చక్రాలున్నాయే. కాళ్ళు కట్టేసి చదువు చెప్తే యాడెక్కుద్ది?”

ఆ మాట సువార్త అప్పటికి వినిపించుకోలేదు.

తుఫాను పట్టిన వారంలో మట్టి వసారా అంతా చెమ్మ ఊరింది. సువార్త నన్ను గోడ మీంచి విప్పి నేల మీద పరిచింది. ముఖాల మీద కాళ్ళు పెట్టడం బాగోదని బోర్లా వేసింది. నా వీపు తెల్లగా, ఖాళీగా, ఎందుకూ పనికిరానిదిగా పైకి తేలింది. పైకప్పు రేకు సందుల్లోంచి బొట్లు బొట్లుగా నీళ్ళు పడి ఇక్కడో మచ్చ, అక్కడో మచ్చ ఏర్పడ్డాయి. కెజియా ఒక తడిమచ్చ మీదనుంచి ఇంకోదాని మీదకు దూకడం మొదలుపెట్టింది. ఒకటి వదలదు, దారి తప్పదు. అలా ఎంతసేపు దూకిందో! తల్లి పిలిచినా ఆగలేదు, అలసిపోలేదు, విసుక్కోలేదు.

సువార్త గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. తర్వాత లోపలికి వెళ్ళి, కిటికీలకు వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా తెచ్చి, చీపురుపుల్లల కట్టతో నా వీపు మీద పెద్ద ‘అ’ రాసింది. చల్లగా తగిలింది. నా మీద ఎన్నో రంగులు పడ్డాయి కానీ చేత్తో ఎవరైనా రాయడం అదే మొదటిసారి.

“కెజ్జీ, ‘అ’ మీదకి దూకు!”

దూకింది. “మళ్ళీ!” అంది కూతురే.

సాయంత్రం దానియేలు వచ్చి చూసి గొంతు పెంచాడు. “నా ఫొటో నేలకేసి పెట్టావేందే?”

“కాళ్ళ కింద పెట్టమంటావా మరి?”

అతను అలిగి అన్నం తిన్నాడు.

అక్కణ్ణించి ఆ ఇంట్లో రోజుకో అక్షరం పండగ. ‘అ’ నాడు అట్లు పోసింది సువార్త, అద్దం తుడిపించింది. ‘ఉ’ నాడు ఉల్లిపాయలు నా మీద గుమ్మరించి అక్షరం ఆకారంలో పేర్పించింది. ‘ఊ’ నాడు దూలానికి చీర కట్టి ఊయల వేసింది. ‘చ’ నాడు కెజియా ఇల్లంతా గాలించి చేట, చెంబు, చెప్పులు, నాయనమ్మ చేతికర్ర లాక్కొచ్చి ఆ అక్షరం మీద కుప్ప పోసింది. కర్ర కోసం ముసలమ్మ కేకలు వేస్తే “చేతికర్ర నాయనమ్మా, ఇవాళ నాది” అంది. ‘ఋ’ దగ్గర మాత్రం ఇంట్లో చూపించడానికి ఏమీ దొరక్క తల్లి తలగోక్కుంది. ‘ఏ’ దగ్గర అత్తాకోడళ్ళకు చిన్న తగవే నడిచింది. కోడలు ఏనుగు అంది. ఏసయ్య ఉండగా ఏనుగేందే అంది అత్త.

కెజియా ఇద్దరినీ చూసి తీర్పు చెప్పింది. “ఏసయ్య ఏనుగెక్కి వచ్చాడు.”

“గాడిదే, గాడిద మీద వచ్చాడు!” అని ఎలీశమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది.

నా వీపు నిండింది. అచ్చులు, తర్వాత హల్లులు, వంకర టింకరగా. కూర్చోని పిల్ల వాటి మీద పరిగెత్తి, దూకి, కుంటి, పొర్లి, ఒక్కోదాన్నీ తన ఒంట్లోకి ఎక్కించుకుంది. అక్షరం నేర్చుకోవడమంటే ఏమిటో నేను మడమలు తగలగా తెలుసుకున్నాను. నా ఎదురుగా ఎవరైనా ఇంత గర్వపడొద్దంటే ఒప్పుకోను.

అప్పుడు వచ్చింది వాన, మిరపకాయలు కల్లంలో ఎండుతున్న కాలంలో. మబ్బు కమ్మగానే దానియేలు పరుగున వచ్చి, వసారాలోంచి నన్ను లాక్కుపోయాడు. ఉన్న పట్టాలు చాలక రాశి ఒకవైపు నన్ను కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, తను కూడా ఒక అంచు మీద కూర్చుని తడిశాడు. కాయ నిలిచింది. ఏడాది కష్టాన్ని కాపాడింది నేనే. ఆ రాత్రి నన్ను దులిపి తెచ్చి మళ్ళీ వసారాలో పరిచాడు. అక్షరాల వైపు కాయకు తగిలిందనీ, కారం పట్టిందనీ చీకట్లో అతనికి తోచలేదు.

పొద్దున్నే కెజియా వచ్చి అలవాటుగా దూకింది. పొర్లింది. కళ్ళు నులుముకుంది. ఆ తర్వాత ఆ పిల్ల పెట్టిన కేక వీధి చివరికి వినిపించింది. సువార్త నీళ్ళు కుమ్మరించింది, ఎలీశమ్మ కాళ్ళకు పెరుగు పూసింది. మంట చల్లారింది కానీ భయం చల్లారలేదు. పిల్ల నా దగ్గరకు రాదు. ‘అ’ అంటే చెవులు మూసుకుంటుంది. అట్టు వేస్తే తినదు. ఎండాకాలం అయిపోతే ఊరి బడిలో చేర్చాలి. సువార్త మొగుణ్ణి ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే అతన్ని తినేసింది.

మర్నాడు దానియేలు నన్ను బోరు దగ్గరకు మోసుకెళ్ళాడు. సబ్బు, పీచు తీసుకుని రెండువైపులా రుద్దాడు. సిమెంటు గచ్చు మీద రాపిడికి ముందువైపు బొమ్మలు పొట్టు పొట్టుగా లేచాయి, వీపు మీది కిటికీ రంగు మాత్రం చెక్కు చెదరలేదు. తన ముఖం ఉన్నచోట తెల్లబడుతుండగా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకాస్త గట్టిగా రుద్దాడు. ఎండలో ఆరేసి, తన చెంప నాకు ఆనించి చూసుకుని, మళ్ళీ కడిగాడు.

ఇంటికొచ్చి, నన్ను పరిచి, చొక్కా విప్పి నా మీద పొర్లాడు. గుంజ చాటునుంచి కెజియా చూస్తోంది.

“మంట లేదమ్మా. చూడు, నాన్న ఒంటి మీద ఏమన్నా ఉందా?” అని లేచి నిలబడ్డాడు. “సువార్తా, నువ్వు చెప్పు, నేను దూకుతా.”

“‘ద’,” అంది సువార్త.

తన పేరులో మొదటి అక్షరం. మట్టి కాళ్ళతో దబ్బున ‘డ’ మీదకు దూకాడు. తెలిసి తప్పాడో, తెలియక తప్పాడో నాకు ఈనాటికీ తెలియదు.

“అది కాదు నాన్నా!” గుంజ చాటునుంచి పిల్ల అరిచింది. “అది ‘డ’! ‘ద’ ఇదీ!” అంటూ వచ్చి దూకింది. దూకాక గుర్తొచ్చి కాళ్ళ వంక చూసుకుంది. ఏమీ కాలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని పక్క అక్షరానికి లాక్కెళ్ళింది. సువార్త కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఊరి బడి తెరిచినరోజు ఏం జరిగిందో సువార్త ఇంటికొచ్చి అత్తకు చెబుతుంటే విన్నాను. కెజియా అక్కడా కూర్చోలేదట. లేచి గోడ దగ్గరకు పోయి, గోడ మీద రాసినవన్నీ ఎగురుతూ చదివేసిందట. సువార్త సిగ్గుపడి “ఒకచోట కుదురుగా ఉండదండీ” అందట. టీచరమ్మ నవ్వి, “చదువుతోందిగా అమ్మా, ఉండనివ్వండి. కూర్చోవడం నేను నేర్పుతాను” అందట. ఆ మాట సువార్త అత్తకు మూడుసార్లు చెప్పింది. ఎలీశమ్మ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు విన్నది.

తర్వాత ఏళ్ళలో వీధి పిల్లలంతా నా మీదే దూకారు. ఎన్ని మడమలు మోశానో! చివరికి నడుము దగ్గర చిరిగాను. సువార్త కత్తెర పట్టుకుని, ఎవరి పేరులో మొదటి అక్షరం వాళ్ళకు కత్తిరించి ఇచ్చింది. మెర్సీ ‘మ’ పట్టుకుపోయింది, రిహానా ‘ర’. ‘క’ ముక్క కెజియా మంచం మీద గోడకు అంటించుకుంది. నొప్పి అనిపించలేదు. పుట్టినప్పుడు నన్నింతమంది పంచుకుంటారని ఎవరనుకున్నారు?

మిగిలింది ఇదిగో, ఈ ముక్క. మీతో మాట్లాడుతున్నది దీనిలోంచే. ‘ళ’ ఉన్న ముక్క. దీనితో మొదలయ్యే పేరు ఎవరికీ లేదు. అందుకని కోళ్ళగూటికి తెరగా కట్టారు. నిన్న సాయంత్రం మూడో తరగతి కెజియా, పిన్నమ్మ కూతురు షారోనును వెంటబెట్టుకుని వచ్చి నన్ను విప్పింది. కొంగుతో తుడిచినట్టు గౌను అంచుతో తుడిచి నేల మీద పరిచింది.

“దీంతో ఏం మొదలైద్దక్కా?” అంది చిన్నది.

“ఏదీ మొదలవదు. కానీ ఇది లేకపోతే కాళ్ళు లేవు, కళ్ళు లేవు, నీళ్ళు లేవు. దూకు!”

షారోను పెదవి కొరుక్కుని, రెండు కాళ్ళూ దగ్గర చేర్చి నా నడిమధ్యకు దూకింది. “‘ళ’!” అని అరిచిన అరుపుకు గూట్లోని పెట్టలు బెదిరి రెక్కలు కొట్టుకుంటూ పెరడంతా చెల్లాచెదురయ్యాయి.

“చూశావా!” కెజియా వాటి వెంట పరుగు అందుకుంటూ వెనక్కి తిరిగి కేకేసింది. “కోళ్ళు కూడా!”