గది ముందు చైనా కారు

మొదటి అంతస్తులో ఉండే చక్రపాణి గారు కొన్న చైనా కరెంటు కారు చుట్టూ చేరి, ఆ సరుకు ఎన్నాళ్లు నిలుస్తుందోనని దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటంతా నసిగింది. పెంటమ్మ నసగలేదు. ఆమె గుండెల్లో మాత్రం రాయి పడింది.

పడదూ మరి? ఆమె మొగుడు గోపయ్య అక్కడి వాచ్‌మన్. సెల్లారులో వాళ్లదొక గది, దానికొకటే తలుపు. ఆ తలుపుకు బారెడు దూరంలోనే కారును ఛార్జింగుకు పెట్టేవారు. లోపల మూడేళ్ల మనవరాలు మౌనిక పడుకునేది. ఛార్జింగులో ఉన్న బండి భగ్గుమన్న వీడియో ఒకటి గోపయ్యే ఫోనులో చూపించాడు. అది ఎక్కడిదో, ఎవరు చేసిన బండో ఇద్దరికీ తెలియదు. చూపించిన మహానుభావుడు హాయిగా గురక పెట్టాడు, చూసినామెకు కునుకు కరువైంది. కారులో ఫ్యాను గుయ్‌మంటే చాలు, పిల్లను చంకనేసుకుని గేటు దాకా ఉరికేది.

చివరికి తెగించింది. మధ్యాహ్నం పాప పడుకోగానే ప్లగ్గు పీకేసేది, లేవగానే మళ్లీ పెట్టేది. దొరికితే పనీ పోతుంది, గదీ పోతుంది. అయినా పీకింది, మహాతల్లి.

కొన్నాళ్లకు చక్రపాణి గారు ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని దిగారు. ఛార్జింగు సరిగా ఎక్కడం లేదట. తప్పు కారుది కాదు, గోడకున్న పాయింటుదేనట. రేపు వీళ్ల గదిలోంచే లైను లాగుతారట. గోపయ్య బుద్ధిగా తలూపాడు. ఎలక్ట్రీషియన్ సరిగ్గా పాప పడుకున్న చోటికి పైన గోడ తట్టి చూశాడు. పెంటమ్మ గబుక్కున అడ్డం వచ్చింది.

"పాయింటు మంచిగనే ఉంది సార్. ప్లగ్గు నేనే తీస్తున్న," అంది. "అంటుకుంటే బిడ్డనేసుకొని ఎటు ఉర్కాలె? గీ తలుపొక్కటే."

గోపయ్య ముఖం నల్లబడింది. చక్రపాణి గారు కోప్పడలేదు. పెద్ద కంపెనీ కారు, అలాంటివేమీ జరగవని నచ్చజెప్పబోయారు.

"ఏం గాదంటే మీ బండి జాగ గా మూలకుంది కద సార్. ఆడ పెట్టుకోరాదు?"

"అది సరిగ్గా మా బెడ్‌రూమ్ కిందకొస్తుంది, పెంటమ్మా," అన్నారాయన ఆలోచించకుండానే. "మా ఆవిడకి భయం. అది కిందుంటే నిద్ర పట్టట్లేదంటుంది."

అనేశాక ఆయన నేల చూపులు చూశారు. పెంటమ్మ లోపలికి వెళ్లి, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని, గేటు బయటికి వచ్చి కూర్చుంది.