ఛార్జి అప్పగింత

నా భార్య పోయిన మూడు వారాలకు, ఆమె పనిచేసిన కాలేజీ లైబ్రరీ నుంచి గుమస్తా ఫోన్ చేశాడు.

"మేడమ్‌గారి ఛార్జి ఇచ్చెయ్యాలి సార్. ఒకసారి వస్తారా?"

ఆఫీసు ఫోను ఛార్జరేదో మా ఇంట్లో ఉండిపోయిందనుకుని, వెతికి, వైరు చుట్టి పట్టుకెళ్ళాను.

గుమస్తా దాన్ని చూసి నవ్వు ఆపుకున్నాడు. "బస్సుకీ ఛార్జే, ఫోనుకీ ఛార్జే, ఉద్యోగానికీ ఛార్జే. మీ తప్పేముంది సార్! మేడమ్ ఇక్కడ ఇన్‌ఛార్జి కదా. తాళాలు మా దగ్గరే ఉన్నాయి. బాధ్యత కొత్త మేడమ్‌కి అప్పగించినట్టు సంతకం పెడితే చాలు."

"నేనా?"

"ఆవిడ తరఫున మీరేగా."

కాగితం మీద 'ఛార్జి ఇచ్చినవారు' అన్నచోట ఖాళీ ఉంది. పద్నాలుగేళ్ళు ఆమె కంటికి రెప్పలా చూసుకున్న గదిని నా చేత్తో వదిలేసినట్టు రాయాలి. కలం కదలలేదు.

ఎదురుగా కూర్చున్న కొత్త లైబ్రేరియన్ ఆ కాగితాన్ని మెల్లగా తన వైపు జరుపుకుంది.

"మీరు పెట్టక్కర్లేదు బాబాయిగారూ. ఆసుపత్రికి చూడ్డానికొచ్చిన రోజే మేడమ్ నాకు అన్నీ ఒప్పజెప్పారు. తాళాలు పోగొడితే ఊరుకోనని బెదిరించారు కూడా. ఆ తేదీ వేసి అలాగే రాసుకుంటాను."

ఆ అమ్మాయి వచ్చేసరికి నా భార్యకు మాట పడిపోయి రెండు రోజులైంది. మంచం పక్కన కూర్చున్నది నేనే.

"అవునమ్మా," అన్నాను. "తాళాల విషయంలో ఆవిడ అంతే."