గంజి పెట్టిన గుడారం

బెజవాడలో ఒక హైస్కూల్లో నేను మేష్టరుగా చేరిన ఏడాది, క్రిస్మస్ సెలవులకి కొల్లేటి లంక మీద గుడారాలు వేసుకుని ఉండొద్దామని తోటి మేష్టర్లు నలుగురు అనుకున్నారు. నన్నూ రమ్మన్నారు.

"గుడారం మాత్రం మీది మీరే తెచ్చుకోవాలండీ కోటిలింగం గారూ" అన్నారు లెక్కల మేష్టారు మల్లేశ్వరరావు గారు. వాళ్లకి ఇద్దరిద్దరికి సరిపోయేవి ఉన్నాయి. ఐదోవాణ్ణి నేను.

యుద్ధం రోజులు, గుడారం గుడ్డ దొరికేది కాదు. పెడనలో మా నాన్నతో చెబితే, ముతక నూలు పోగుచేసి తనే మగ్గం మీద నేశాడు. మా ఇళ్లలో బి.ఏ. చదివింది నేనొక్కణ్ణే. పెద్ద కులాలవాళ్లతో కలిసి వెళ్తున్నానని ఆయనకి సంబరం.

"ఒక్కడికి ఇంత గుడారం ఎందుకు నాన్నా?" అన్నాను.

"ఒక్కడివే ఎందుకు పడుకుంటావురా? ఎవరో ఒకరు నీ పక్కకి రారూ?"

పదిమంది కళ్లబడే గుడ్డ అని, పంచెలకి పెట్టినట్టే దానికీ చిక్కటి గంజి పెట్టాడు. నేనూ వద్దనలేదు. మా ఇంట్లో గంజి లేని గుడ్డ గడప దాటదు.

కైకలూరులో రైలు దిగి, దోనెల మీద లంక చేరాం. నా గుడారం తెల్లగా రేకులా నిలబడింది. లోపల రెండు చాపలు పరిచాను. మాలో పెద్దవారు సాంబమూర్తి గారు దాన్ని వేలితో మీటి, "డప్పులా మోగుతోందయ్యా" అన్నారు.

"లోపలికి రండి."

"వస్తాం, వస్తాం. ఎక్కడికి పోతాం?"

వాళ్ల గుడారంలోనే పేకాట వేశారు. "నలుగురాడే ఆటండీ, ఏమీ అనుకోకండి" అన్నారు మల్లేశ్వరరావు గారు. నేను ఒడ్డున కూర్చుని పరజపిట్టల్ని చూశాను. చాలా ఉన్నాయి. ఎంతసేపని చూస్తాం?

మర్నాడు ముసురు పట్టింది. గంజి కరిగి, గుడ్డ మెత్తబడి నా నెత్తిమీదికి జారింది. వాన వెలిశాక, ఆ వాసనకి మేతకొచ్చిన గేదెలు చేరి గుడ్డ నాకడం మొదలుపెట్టాయి.

మల్లేశ్వరరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "మీ నాన్నగారు గుడారం నేశారా, కుడితి కలిపారా?"

నేనూ నవ్వాను. ఆయన మంచివాడే. నా సంచి తన చేత్తోనే అందుకుని, "తడిసిపోతారు, మా దాంట్లోకి రండి" అన్నారు.

వెనక గుడారంలో అప్పటిదాకా వినిపిస్తున్న మాటలు ఆగిపోయాయి. సాంబమూర్తి గారు దగ్గారు. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. మల్లేశ్వరరావు గారు అటు చూసి, మళ్లీ నావైపు చూశారు. సంచి ఆయన చేతిలోనే ఉంది.

"పరవాలేదండీ, ఇది ఆరిపోతుంది" అని సంచి తీసుకున్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు.

కాసేపటికి లంకలో ఆ గేదెల్ని మేపే కొండలయ్య వచ్చాడు. గుడ్డ చూసి నాలుక కరుచుకున్నాడు. "పాడు గేదెలండి, ఏమీ అనుకోమాకండి."

"పోనీలే. నాకనీ" అన్నాను. "కాసేపు కూర్చోరాదూ? చాప పొడిగానే ఉంది."

అతను చాపవైపు, నావైపు చూశాడు. "చీకటి పడతాందండి. ఇంటికాడ ఎదురుచూస్తారు."

గేదెల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. అన్నిటికంటే చిన్నది ఒకటి వెనక్కి తిరిగి చూస్తుంటే, దాన్నీ తోలుకుపోయాడు.