పాలకేంద్రంలో నా జత

నేను ఒక పాలకేంద్రం కంప్యూటర్ను. ఆ తెల్లారి ఆకాశమంతా మబ్బులే. ఉరిమింది లేదు, కురిసింది లేదు. పాలు తెచ్చిన గంగులప్ప ఆ మబ్బుల వైపు చూసి, తర్వాత తూకం మిషను వైపు కూడా అంతే అపనమ్మకంగా చూశాడు.

నేను ఎక్కడ పుట్టానో నాకే తెలియదు. మొదట పీలేరు కాలేజీలో ఉన్నాను. అక్కడ చెప్పులు విడిచి నా గదిలోకి వచ్చేవాళ్లు. పాతబడ్డాక ఇంటర్నెట్ అంగట్లో పెట్టారు. అక్కడ చెప్పులు విడిచిన మనిషి లేడు. చివరికి ఈ ఊరు చేరి, తూకం మిషనుకు జతయ్యాను. మా మధ్య ఒక నల్ల తీగ. అది అంకె చెప్పేది, నేను తెర మీద చూపేదాన్ని. తూకం వేసే రెడ్డెమ్మ, ఖాళీ మిషను మీద సున్నా అందరికీ చూపించాకే క్యాను పెట్టనిచ్చేది.

ముందురోజు మరమ్మతులు చేసే ఖాదర్ బాషా నాలో కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాడు. దాంతోపాటు, ఎవరూ కోరకుండానే, ఇంకొకటి దిగింది. నాకు తగిలించిన ప్రతి వస్తువునూ 'నువ్వెవరు' అని కనుక్కోవడం దాని పని. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది తీగ వెంట వెళ్లి, తూకం మిషన్ను ఏదో ఫోను యంత్రం అనుకుని గుచ్చి గుచ్చి అడిగేది. మిషను బెదిరి, నిండు క్యాను మీద ఉండగానే సున్నాకు పోయేది. ఆ తెల్లారి గంగులప్ప క్యానుకూ అదే జరిగింది.

"ఏం రెడ్డెమ్మా, మా ఎనుము ఈ పొద్దు గాలి ఇచ్చిందా?" అన్నాడు గంగులప్ప.

"మిషను అట్లా చూపిస్తా ఉండాది మామా."

"మిషనుకేం తెలుసు. చెయ్యి పెట్టేవాళ్లకు తెలుసు."

ఆ మాటతో రెడ్డెమ్మ నమ్మకం ఊళ్లో పోయింది. జనం పాలు పక్కూరికి మోశారు. మిషను ముసలిదైందని ఆమె దాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేసింది. కొత్తది వచ్చింది. అదీ అలాగే బెదిరింది. అప్పుడుగాని ఖాదర్ నాలోకి తొంగిచూడలేదు.

"తప్పు నీదీ కాదు, మిషనుదీ కాదక్కా. సిస్టంతోపాటే వచ్చిన ఈ పనిమంతుడిది. అన్నీ దానంతటదే కనుక్కుంటే జనానికి సుకమని పెట్టినారు."

"సుకమే. ఇంటల్లుడైనా వాకిట్లో దగ్గి లోపలికొస్తాడు గదా. అడిగి రమ్మనొచ్చు గదా దాన్ని?"

"అడిగితే సగంమందికి ఏం చెప్పాల్నో తెలీదక్కా."

"తెలీనోళ్లింట్లో చెప్పకుండా దూరొచ్చునా?"

ఖాదర్ దాన్ని తీసేశాడు. గడప దగ్గర నిలబడిన గంగులప్ప అంతా విని వెనుదిరిగాడు.

కొత్త మిషను తడుముకోకుండా అంకె చెబుతుంది. పాతది చెప్పేముందు ఊపిరి పీల్చినట్టు ఒక్క క్షణం ఆగేది. నేనింకా ఆ క్షణం కోసం ఆగుతాను. తప్పు దానిది కాదని దానికి ఎవరు చెబుతారు? ఈపాటికి ఏ కొలిమిలో కరిగిందో.

ఆ మధ్యాహ్నం గంగులప్ప సంగటి గిన్నె తెచ్చి రెడ్డెమ్మ ముందు పెట్టాడు. ఖాదర్ను చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. రెడ్డెమ్మ మూడు ముద్దలు చేసి, మొదటిది గంగులప్ప చేతిలో పెట్టింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.