నిద్రపోయాడన్న మాట

లాండ్రీలో దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో అంచూ పట్టుకుని ఎదురెదురుగా నిలబడాలి, గట్టిగా లాగాలి, నడిచొచ్చి అంచులు కలపాలి, మళ్ళీ వెనక్కి పోవాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె పని ఇదే. ఆమెకు జోడీగా నిలబడే మనిషిని అందరూ పొడుగమ్మ అంటారు. పొడుగమ్మకి దేవుడి గోల లేదు గానీ నోరు మాత్రం ఉంది.

"మీ ఆయనకి రాత్రయినా కునుకు పట్టిందా?"

"ఎక్కడ? కన్ను మూతపడేలోపే నొప్పి లేపేస్తుంది. ఎముకల్లో పుట్టిన జబ్బు కదా, మందులూ చేతులెత్తేశాయి. ఆసుపత్రిలో మా ఆడబిడ్డని కూర్చోబెట్టి వచ్చాను."

"మరి మీ దేవుడేం చేస్తున్నాడు?"

"అడుగుతూనే ఉన్నాం. ఆదివారం చర్చిలో సంఘమంతా మోకాళ్ళ మీద అదే ప్రార్థన. బతికించమని కూడా కాదు, కాస్త నిద్ర ఇవ్వమని."

"మరీ తక్కువకి బేరం పెట్టారే," అంది పొడుగమ్మ. ఇద్దరూ నవ్వారు.

ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ఫోను మోగింది. సంఘపెద్ద. మెత్తటి మనిషి, చావు కబురుని చావు అని ఎన్నడూ చెప్పడు. ఆ మాటకొస్తే సంఘంలో ఎవరూ అలా చెప్పరు. పోయినవాళ్ళు ప్రభువులో నిద్రించారంటారు, సమాధి మీద కూడా అదే చెక్కిస్తారు. ఆమె కూడా పదిమంది గురించి అన్న మాటే. కానీ పక్కన ఆవిరి యంత్రం పాములా బుసకొడుతోంది. నిద్రించాడన్నాడో, నిద్రపోయాడన్నాడో ఆమెకి ఈ రోజుకీ తెలియదు. చెవిన పడింది ఇంతే: "అన్న నిద్ర... ప్రశాంతంగా, అమ్మా. ఇంక నొప్పి లేదు."

"స్తోత్రం! దేవునికి స్తోత్రం!" అని ఆమె అరిచినంత పని చేసింది.

సంఘపెద్ద కరిగిపోయాడు. "ఎంత విశ్వాసమమ్మా నీది!"

మనిషికి నిద్రపడితే దానికింత విశ్వాసమెందుకని ఆమెకి తట్టలేదు. "పని ముగించుకుని వస్తానండీ," అని ఫోను పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె పాడుతూ దుప్పట్లు మడిచింది. పొడుగమ్మ కూడా, "పోనీలే, ఇన్నాళ్ళకి నీ మొహాన దీపం వెలిగింది," అంది. సాయంత్రం దారిలో కమలాపళ్ళు కొంది, లేచాక ఆయనకి నోరు చేదుగా ఉంటుందని. వార్డు గుమ్మంలో చెప్పులు విప్పి, చప్పుడైతే ఎక్కడ లేస్తాడోనని మునివేళ్ళ మీద నడిచింది.

మంచం ఖాళీగా ఉంది. దాని మీద అప్పుడే మడత విప్పి పరిచిన దుప్పటి. అలాంటి దుప్పటి ఎలా ఉంటుందో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు.

గోడవార కూర్చున్న ఆడబిడ్డ తలెత్తింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"ఇప్పుడా వదినా రావడం? కబురు పంపి ఎంతసేపయిందీ! అన్నయ్య చెయ్యి వెచ్చగా ఉన్నంతసేపూ పట్టుకునే కూర్చున్నాను, నీ చేతిలో పెడదామని. చల్లబడిపోయింది. కింద గదిలోకి తీసుకుపోయారు." సంచీ వైపు చూసింది. "పళ్ళు కూడా తెచ్చావా? బాగుంది."

సమాధి దగ్గర పాస్టరుగారు ఆమెను చూపించి వాక్యం చెప్పారు. భర్త నిద్రించాడని విని స్తోత్రం చెప్పిన స్త్రీ, చేతిలో పని ముగించుకుని మరీ కదిలిన స్త్రీ. నోరు తెరిచి కాదనే ఓపిక ఆమెకి లేదు. ఆ కథ పక్క సంఘాలకీ పాకింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి ఆమె చేతులు పట్టుకుని, ధైర్యం తెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. ఆడబిడ్డ మాత్రం రావడం మానేసింది.

ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె పైకి చూసేది. "నిద్ర అడిగాం. ఏ నిద్రో చెప్పలేదు, తప్పు మాదే. నువ్వు మాత్రం మాట తప్పలేదులే," అనేది. అంతకు మించి ప్రార్థన వచ్చేది కాదు.

అన్నిటికన్నా ఆమెని కోసేసింది దర్జీ పిల్ల. వీధి చివర బట్టలు కుట్టుకునే ఆ పిల్లకి చంటిబిడ్డ, గుండెలో చిల్లుతో అదే ఆసుపత్రిలో ఉంది. ఒకరోజు వచ్చి, "నీ మాట మీదే నిలబడ్డానత్తా," అంది. "బిడ్డ దగ్గర ఒక్క కన్నీటిచుక్క రానివ్వట్లేదు. ఊపిరందక నీలంగా అయిపోతుంటే కూడా స్తోత్రం అంటున్నాను, నీలాగే." చెబుతుంటే దాని దవడలు బిగుసుకుని ఉన్నాయి.

నిజం చెబితే ఈ పిల్ల కూలిపోతుంది. చెప్పకపోతే ఇలాగే రాయైపోతుంది. చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక దాకా ఆమె ఆ రెంటి మధ్యా నలిగింది.

కూడికలో పాస్టరుగారు, "సాక్ష్యం చెప్పమ్మా, అందరూ బలపడతారు," అన్నారు.

ఆమె లేచింది. "నిద్రపోయాడంటే నిద్రపోయాడనే అనుకున్నాను," అంది. "చచ్చిపోయాడని తెలిస్తే స్తోత్రం అనేదాన్ని కాదు. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తేదాన్ని. చెయ్యి వెచ్చగా ఉండగా ఒక్కసారి పట్టుకునేదాన్ని. నేను పాటలు పాడుకుంటూ దుప్పట్లు మడిచాను. ఇదే నా సాక్ష్యం."

వెనకబెంచీలో ఎవరో అలవాటుగా "ఆమేన్" అనేసి నాలిక కరుచుకున్నారు. సంఘపెద్ద తల దించుకున్నాడు. "పాపం, దుఃఖంలో ఉంది," అని పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు.

ఆమె బయటికొచ్చి మెట్ల దగ్గర ఆగింది. దర్జీ పిల్ల వెనకే వచ్చింది.

"ఎందుకు చెప్పావత్తా? నీకేం పోయేది చెప్పకపోతే? ఇప్పుడు నేను దేని మీద నిలబడను?"

"నిలబడకు. కూర్చో."

పిల్ల కోపంగా చూసింది. ఆ తర్వాత మెట్టు మీద కూలబడి, ఇన్నాళ్ళూ దాచిందంతా ఒక్కసారి ఏడ్చింది. ఆమె పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది.

"దేవుడికి కోపం రాదూ?" అంది పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.

"రానీ. ఆయన మీద నాకూ వచ్చింది. మొహాలు చూసుకోవట్లేదు గానీ, ఇద్దరం ఇంకా ఒకే ఇంట్లో ఉన్నాం."

"మళ్ళీ స్తోత్రం అంటావా అత్తా?"

"ఏమోనమ్మా. ఒకసారి పొరపాటున అన్నాను. ఇంకోసారి అంటే తెలిసే అనాలి. అది ఇంకా రాలేదు."

లోపల పాట గట్టిగా సాగుతోంది. వాళ్ళని పిలవడానికి ఎవరూ బయటికి రాలేదు. పిల్ల ఏడుపు ఆగేదాకా ఉండి, ఆమె దాని వెంట ఆసుపత్రి వైపు నడిచింది.